రెండు సైజులు పెద్దవి

వెంకటకృష్ణారావు గారు బెజవాడలో ఒక కొట్టాయన కాలరు పట్టుకున్నాడనీ, ఆ కొట్టాయన చెప్పు తీశాడనీ మాణిక్యం చెప్పిందట. మా ఆవిడ పాలకేంద్రం దగ్గర విని వచ్చి నాకు చెప్పింది. మాణిక్యం ఇంటికీ రావుగారి ఇంటికీ మధ్య ఒకటే గోడ. కాలరు సంగతి మాణిక్యం సొంతంగా కలిపింది. చెప్పు సంగతిలో మాత్రం కొంత నిజముంది. గొడవ వచ్చింది బూట్ల దగ్గరే.

రావుగారికి ఉయ్యూరు సెంటర్లో పురుగుమందుల కొట్టు. కూతురు మనోజ్ఞ బెజవాడ స్కూల్లో తొమ్మిదో తరగతి. స్కూలు దగ్గరి స్టేడియంలో నలభై అడుగుల క్లైంబింగ్ వాల్ ఉంది. గోడకి బిగించిన రంగురంగుల దిమ్మల మీద మునివేళ్లు ఆనించి, పైదాకా పాకాలి. రెండేళ్లుగా ఆ పిల్లకి అదే లోకం. రాష్ట్ర జట్టుకి ఎంపిక నెల రోజుల్లో ఉంది. ఆడపిల్లల్లో ఇద్దర్నే తీసుకుంటారు. అన్నాళ్లూ క్లబ్బు వాళ్ల పాత బూట్లతో నెట్టుకొచ్చింది గానీ, ముక్కులు అరిగి వేళ్లు బయటికొచ్చేశాయి.

అందుకని తండ్రీకూతుళ్లు గవర్నరుపేటలో అంతోని కొట్టుకి వెళ్లారు. తాళ్లు, బెల్టులు, హెల్మెట్లు అమ్మే చిన్న కొట్టు. సెల్ టవర్లెక్కేవాళ్లు, అద్దాల మేడలు తుడిచేవాళ్లు అక్కడికే వస్తారు. అంతోని కూడా ఒకప్పుడు టవర్లెక్కి, మోకాలు విరగ్గొట్టుకుని కొట్లో కూర్చున్నవాడే. పిల్ల పాదం చేత్తో పట్టి చూసి ముప్పై ఆరో నంబరు జత తొడిగాడు.

రావుగారు వంగి బూటు ముక్కు మీద బొటనవేలితో నొక్కారు.

"ఏమయ్యా, వేళ్లు ముడుచుకుపోయినయ్. ఎదిగే పిల్ల. ముప్పై ఎనిమిది తియ్."

"ఈ బూట్లు ఇట్టాగే ఉండాలండీ. లోపల ఖాళీ ఉంటే కాలు జారిద్ది."

"మా ఇంట్లో పిల్లలకి ఏ బూట్లయినా రెండు సైజులు పెద్దవే కొంటాం. నీ దగ్గర చిన్నవి మిగిలిపోయినయ్, ఆ మాట చెప్పు."

"మిగిలిపోయిన సరుకు అంటగట్టడం మీ మందుల కొట్లో అలవాటేమో. ఇక్కడ లేదండీ."

"బాగానే ఉన్నయ్ నాన్నా," అంది మనోజ్ఞ.

ఆ మాట ఎవరి చెవినా పడలేదు. "ఇటలీ నుంచి తెప్పించుకుంటా, నీ మొహం చూసే పనేంటి నాకు?" అని రావుగారు అరుస్తున్నారు. "తెప్పించుకోండి. ఆ సైజుకి తగ్గ కాళ్లు కూడా అక్కణ్నించే తెప్పించండి," అని అంతోని అంతకన్నా గట్టిగా అరుస్తున్నాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. రైతులు ఫోన్లో మందులు తెప్పించుకుంటున్నారని రావుగారు రోజూ తిట్టిపోస్తుంటారు. "తెగులేంటో చెప్పమని ఆకు తెచ్చి నా బల్ల మీద పడేస్తారు, మందు మాత్రం ఎవడి దగ్గరో కొంటారు," అని. అలాంటి మనిషి ఉయ్యూరు బస్సులో కూర్చుని, అంతోని చూపించిన ఆ ఇటలీ కంపెనీ, ఆ మోడలే వెతికి, ముప్పై ఎనిమిది ఆర్డరు పెట్టారు.

ఆ పార్సిలు కస్టమ్స్ వాళ్ల దగ్గర పడుండి పడుండి, ఎంపిక ఆదివారమైతే శుక్రవారం చేరింది. రావుగారు ముందు దాన్ని మాణిక్యానికి చూపించారు. "సముద్రాలు దాటొచ్చిందమ్మా!" తర్వాత కూతురు తొడుక్కుంది. అడుగేస్తే మడమ పైకి లేచిపోతోంది.

"దూది కూరుకో, సరిపోద్ది."

"దూదితో ఎక్కలేను నాన్నా."

తిరిగి పంపుతామని కంపెనీకి రాస్తే, మీ ఖర్చుతో పంపండి, మార్చి పంపడానికి నలభై రోజులు పడుతుందని జవాబొచ్చింది.

శనివారం మళ్లీ అంతోని కొట్టు. ముప్పై ఆరు ఆ అరలోనే ఉంది.

"ఆ జత ఇవ్వు," అన్నారు రావుగారు గోడవైపు చూస్తూ.

"మిగిలిపోయిన సరుకండీ అది. మీకు పనికిరాదు."

"డబ్బులిస్తానయ్యా. ఊరికే అడుగుతున్నానా?"

"డబ్బులు తర్వాత. పొరపాటన్నానని ఒక్క మాటనండి, ఇస్తా."

"నీకా! నేనా!"

రావుగారు మెట్లు దిగి బండి స్టార్ట్ చేశారు. మనోజ్ఞ కాసేపు ఆ అర వంకే చూస్తూ నిలబడింది. హారను మూడోసారి మోగాక కదిలింది.

ఆదివారం దూది కూరుకునే ఎక్కింది. సగం దాకా చేతుల బలంతో లాక్కొచ్చింది. ఆ పైన పసుపు దిమ్మ ఒకటి, ఉసిరికాయంత. దాని మీద బరువు వేసింది. బూటు అక్కడే ఉంది, పాదం లోపల తిరిగిపోయింది. పడింది. తాడు ఆపింది కాబట్టి గాల్లో వేలాడింది. ఒక్కళ్లకి ఒక్కసారే అవకాశం. పేర్లు చదివారు, తనది మూడోది.

ఆ రోజు తాళ్లు కట్టడానికొచ్చింది అంతోనే. పిల్లని కిందికి దింపి తాడు విప్పిందీ అతనే. పేర్లు చదవడం అయ్యాక తన సంచిలోంచి ఆ ముప్పై ఆరు జత తీశాడు.

"పొద్దుట్నించీ సంచిలోనే ఉన్నయ్. మీ నాన్న నోటెంట ఒక్క మాట వచ్చుంటే..."

"విన్నారా!" రావుగారు చుట్టూ ఉన్నవాళ్లకి అతన్ని చూపించారు. "దగ్గర పెట్టుకుని మరీ పిల్లని పడేశాడు!"

"పడేసింది నేను కాదు, మీ ఇటలీ."

"నోర్ముయ్! కొట్టు నడుపుతున్నావా, కోర్టు నడుపుతున్నావా?"

"మీకంటే నయమే. మీరు పాదం చూడకుండా బూటు కొన్నారు."

మనోజ్ఞ గోడ కింద పరిచిన చాప మీద కూర్చుని రెండు బూట్లలోంచీ దూది పీకింది. చెమటకి ముద్దయిపోయిన ఆ రెండు ఉండల్నీ ఇద్దరి మధ్యా నేల మీద పెట్టింది.

"ముప్పై ఆరు సరిపోయిందని ఆ రోజు కొట్లోనే చెప్పా. ఎక్కేది నేను గదా, మీ ఇద్దర్లో ఒక్కళ్లన్నా నన్నడిగారా?"