పెరటి చెట్టు కాయ

ఆ ఏడు తీర్థం రద్దీ తగ్గాక అందరం ఒకసారి అంతర్వేది వెళ్లొద్దామని సుబ్రహ్మణ్యావధానులు గారు అన్నప్పుడు, ఆ ఇంట్లో అందరికన్నా ఎక్కువ సంతోషించింది పేరమ్మ. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. పేరమ్మ సంతోషాన్ని గమనించే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. వాళ్లననడం దేనికి, ఆవిడకే లేదు.

పేరమ్మ అవధానులు గారి మరదలు, తమ్ముడు గంగాధరం భార్య. ధవళేశ్వరం దగ్గర గోదావరికి ఆనకట్ట కడుతున్న రోజుల్లో గంగాధరం తర్కం చదువుకుంటానని కాశీ బయలుదేరాడు. పేరమ్మ కాపురానికి వచ్చి అప్పటికి నెల తిరగలేదు. వెళ్లే ముందు రోజు బావి వెనకాల ఒక కొబ్బరి మొక్క పాతి, నీళ్లు పోస్తూ ఉండు, నేనొచ్చేసరికి కాపుకొస్తుంది అన్నాడు. మొగుడు ఆవిడతో మాట్లాడిన నాలుగు మాటల్లో ఆవిడకు బాగా గుర్తున్నది అదే. మొదట్లో బైరాగులెవరో కబురు మోసుకొచ్చేవారు. తరవాత అదీ పోయింది. ఈలోగా ఉత్తరాదిన సిపాయీల గొడవలొచ్చాయి. ఆ తరవాత కాశీ నుంచి వచ్చినవాళ్లు తలోమాటా చెప్పారు. ఒకడు వాంతులూ భేదులూ తగిలి పోయాడన్నాడు, ఇంకొకడు గయలో చూశానన్నాడు. చెట్టు మాత్రం చెప్పిన మాట నిలబెట్టుకుని కాపుకొచ్చింది.

అలా ఏళ్లు గడిచాయి. మొగుడున్న మనిషి కాదు, లేని మనిషీ కాదు. పేరంటాలకు మొదట్లో పిలిచేవారు, పిలిచి పసుపు రాసేటప్పుడు ఒక్క క్షణం తటపటాయించేవారు. తరవాత పిలవడం మరిచిపోయారు. మరిచిపోవడం ఎంత సుఖమో ఆ ఊరి ముత్తయిదువలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. పేరమ్మ పొద్దున్నే తన బొట్టు తానే పెట్టుకుని, బావిలో నీళ్లు తోడి చెట్టుకి పోసి, వంటింట్లోకి వెళ్లిపోయేది.

ప్రయాణానికి ముందురోజు పాలేరు చేత ఆ చెట్టు కాయ ఒకటి దింపించి, అవధానులు గారు తానే గునపం ముందు కూర్చుని వలిచారు. వేదం ఘనపాఠంగా చెప్పుకునే మనిషికి గునపంతో పనేమిటి? మధ్యలో చెయ్యి జారింది కూడాను. అయినా పాలేరుకి ఇవ్వలేదు. పిలక చెడకుండా వలిచి, మరదలిని జాగ్రత్తగా పట్టుకురమ్మను అని భార్య లక్ష్మీకాంతంతో చెప్పారు. బావగారి ఎదటపడి మాట్లాడే ఆచారం పేరమ్మకు లేదు. వాళ్ల మధ్య మాటలన్నీ లక్ష్మీకాంతం మీదుగానే నడిచేవి.

పేరమ్మకు అర్థమైపోయింది, లేదా అర్థమైందనుకుంది. ఇన్నాళ్లకు బావగారికి తమ్ముడు గుర్తొచ్చాడు. తమ్ముడు పాతిన చెట్టు కాయ నరసింహస్వామికి కొట్టి, తమ్ముణ్ణి తీసుకురమ్మని మొక్కుకుంటారు. కాయకి పసుపు రాసి, పాత పంచె ముక్కలో చుట్టి, బండెక్కినప్పటినుంచీ ఒళ్లో పెట్టుకుంది.

కొత్తపేట దాటి పలివెలలో ఆగారు. అక్కడి శివుడికి కొప్పుంది. తన అర్చకుడి మాట పోనివ్వకుండా స్వామి తలమీద జుట్టు మొలిపించుకున్నాడని పూజారి చెబుతుంటే లక్ష్మీకాంతం పిల్లలు నవ్వారు. పేరమ్మ కూడా నవ్వింది. ఆవిడ జుట్టు విప్పితే మోకాళ్లు దాటేది. ఆవిడకున్న ఆస్తి అదొక్కటే, దాన్ని చూసి మురిసేవాళ్లు లేరు గనక అదీ ఉన్నట్టు కాదు. బయటికొచ్చాక లక్ష్మీకాంతం తన తలలో పూలు తీసి పేరమ్మ జడలో తురిమింది. తురిమి, మొహం పక్కకి తిప్పుకుంది. ఇన్నేళ్లలో తోడికోడలు అలా చెయ్యడం అదే మొదలు.

గంటి రేవులో నూకరాజు పడవ ఎక్కారు. వసిష్ఠ గోదావరి మీద ఎండ తళతళలాడుతోంది. గట్ల మీద కొబ్బరితోటలు వెనక్కి నడిచిపోతున్నాయి. నూకరాజు చుక్కాని దగ్గర నుంచి పేరమ్మ ఒళ్లో మూట చూశాడు.

"అది బుట్టలో పెట్టేయండమ్మగారూ, తడవదండీ," అన్నాడు.

"ఫరవాలేదులే. స్వామిది," అంది పేరమ్మ.

"ఆయ్, అలాగైతే మీ దగ్గరే ఉండాలండీ," అన్నాడు నూకరాజు, ఎంతో మర్యాదగా.

రాజోలు దగ్గర పడవ ఆగితే గాజులవాడు వచ్చాడు. లక్ష్మీకాంతం తనకు కొనుక్కోకుండా పేరమ్మకు రెండు చేతులకీ నిండుగా ఆకుపచ్చ గాజులు వేయించింది. వద్దంటే వినలేదు. అవధానులు గారు నీళ్లకేసి చూస్తూ కూర్చున్నారు. పిల్లలు పేరమ్మ గాజులు గలగలలాడించి ఆడుకున్నారు. ఇంతమంది తనను ఇంతగా పట్టించుకోవడం పేరమ్మకు కొత్త. ఆ మధ్యాహ్నం ఆవిడ నిజంగా సుఖపడింది. ఎందుకిలా అని ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది. కానీ ప్రేమ దొరికినప్పుడు ఎందుకని అడగడం, ఎప్పుడూ దొరికేవాళ్లకి చేతనయ్యే పని.

అంతర్వేది చేరేసరికి పొద్దు వాలుతోంది. సత్రం అరుగు చివర ఒక పురోహితుడు మోదుగ కాడలు ముందేసుకుని దారంతో జతలు కడుతున్నాడు. అవి దేనికో పేరమ్మకు తెలుసు. ఆవిడ తండ్రి అపరకర్మలు చేయించేవాడు. దేశాంతరం పోయి పన్నెండేళ్లు జాడ తెలియని మనిషికి, మోదుగ కాడలతో చేతులూ కాళ్లూ పేర్చి, తలకి పిలక ఉన్న కొబ్బరికాయ పెట్టి, ఆ బొమ్మకి దహనం చేస్తారు. చిన్నప్పుడు గట్టు మీద నిలబడి ఎన్నోసార్లు చూసింది. ఎవరో పాపం, ఆ ఇల్లాలు ఎక్కడుందో, రేపీపాటికి ఏమైపోతుందో అని జాలిపడింది. ఒళ్లో మూట సర్దుకుని కాళ్లు కడుక్కోవడానికి వెళ్లింది.

గుడి గుమ్మం దగ్గర అవధానులు గారు ఒక కొబ్బరికాయ కొన్నారు. మనది ఉండగా కొనడం దేనికని పేరమ్మ మూట విప్పి కాయ తోడికోడలికి అందించబోయింది. లక్ష్మీకాంతం చెయ్యి చాపలేదు.

"అది కాదే. అది రేప్పొద్దున్నకి," అంది.

మాట నోరు జారినందుకు ఆవిడ బెదిరిపోయింది. ఏదో సర్దబోయింది, ఏదీ కుదరలేదు. పేరమ్మ కాయ మళ్లీ మూటలో చుట్టుకుంది. గునపం ముందు బావగారు, తలలో పూలు, చేతినిండా గాజులు, అరుగు మీద మోదుగ కాడలు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి వాటి చోట్లలో కూర్చున్నాయి. పొద్దుణ్ణుంచీ తాను ఒళ్లో పెట్టుకు మోసింది మొగుడి తల. మొగుడు పోయాడని తేల్చడానికి తనను ముస్తాబు చేసి తెచ్చారు. మరో మూడు రోజుల్లో ఈ గాజులుండవు, బొట్టుండదు, జుట్టుండదు. జనం తోస్తుంటే లోపలికి నడిచింది.

లోపల మండపంలో అవధానులు గారు కొన్న కాయనూ అరటిపళ్లనూ పళ్లెంలో పెట్టి భార్య చేతికిచ్చి, గోత్రనామాలు చెప్పడానికి ముందుకెళ్లారు. అంతలో చంటివాడు ఏడుపు లంకించుకున్నాడు. లక్ష్మీకాంతం పళ్లెం పేరమ్మ చేతిలో పెట్టి వాణ్ణెత్తుకుంది. ఎవరూ చూడడం లేదు. పేరమ్మ మూటలో కాయ తీసి పళ్లెంలో పెట్టింది, పళ్లెంలో కాయ మూటలో చుట్టింది. దానికీ కాస్త పసుపు రాసింది. కాల్చేది ఏదైనా కాల్చుకోండి, నా మొగుడి తల మాత్రం కాల్చనివ్వను అనుకుంది. మొక్కుకోవడానికి మాటలు రాలేదు. ఉన్నాడో లేడో నువ్వే చెప్పు, కాయలో పువ్వుంటే ఉన్నట్టు, కుళ్లుంటే లేనట్టు అని మాత్రం అనుకుంది.

అవధానులు గారు వచ్చి కాయ అందుకున్నారు. చేతిలో ఒకసారి తిప్పారు. కొట్టకుండా ఆగారు. వెనక నుంచి ఎవరో తొందరపెట్టారు. ఆయన కళ్లు మూసుకుని, రాతి మీద ఒక్క దెబ్బ వేశారు.

కాయ సమంగా పగిలింది. పేరమ్మ మెడ చాచి చూసింది. పువ్వు లేదు, కుళ్లు లేదు. తెల్లటి కొబ్బరి, కాసిని నీళ్లు. స్వామి ఏమీ చెప్పలేదు. పిల్లలు ముక్కలు తిని తియ్యగా ఉందన్నారు. ఒక ముక్క పేరమ్మ చేతిలోకీ వచ్చింది. నమలడానికి చాలాసేపు పట్టింది.

సత్రానికి వచ్చాక లక్ష్మీకాంతం ఏడుస్తూ అంతా చెప్పింది. పన్నెండేళ్లు దాటినా తమ్ముడికి కర్మ చెయ్యని మనిషిని తద్దినాలకు పిలిచేది లేదని అగ్రహారంలో వాళ్లు తేల్చేశారట. ఏడాదిగా ఆయన్ని గడప తొక్కనిచ్చినవాళ్లు లేరట. నీకు చెబితే బయలుదేరవని చెప్పలేదు, ఈ రెండు రోజులైనా నిన్ను ముత్తయిదువలా చూసుకుందామనుకున్నాను అంది. ఆ మాట నిజమే. నిజం కాబట్టే పేరమ్మకు ఆవిడ మీద కోపం తెచ్చుకోవడానికి కూడా చోటు లేకపోయింది.

తెల్లవారాక అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర, గోదావరి సముద్రంలో కలిసేచోట, ఇసకలో బొమ్మను పేర్చారు. అవధానులు గారు మూట విప్పి కాయను తల చోట పెట్టారు. పేరమ్మ కూర్చోమన్నచోట కూర్చుంది. ఏడవమన్నారు. గుడి ముందు కొన్న ఎవరి తోటలోదో కాయను చూసి ఆవిడకు ఏడుపు రాలేదు. ఇందులో ఆయన లేరు, ఇది ఎవరిదీ కాదు అనుకుంటూ మంటకేసి చూసింది. మొగుడు పోతే కంట తడి పెట్టలేదని చుట్టూ చేరిన ఆడవాళ్లు చెవులు కొరుక్కున్నారు.

బొమ్మలో ఆయన లేడు గనక తనకేమీ కాదని పేరమ్మ ధైర్యం. మూడోనాడు గాజులు చిట్లుతున్నప్పుడు కూడా ఆ ధైర్యం ఉంది. మంగలి వచ్చి తన వెనక కూర్చున్నప్పుడు పోయింది. ఆ కత్తికి కాయ మారిన సంగతి తెలియదు. జుట్టు పాయలు పాయలుగా ఇసకలో పడుతుంటే, సముద్రపు గాలి కొంత ఎత్తుకుపోతుంటే, అప్పుడు ఏడ్చింది. పోనీ, ఇప్పటికైనా ఏడ్చింది అని ఆడవాళ్లు తృప్తిపడ్డారు.

తిరుగు ప్రయాణంలో పేరమ్మ ముసుగేసుకుని పడవ చివర కూర్చుంది. పిల్లలు దగ్గరికి రాలేదు. నూకరాజు ఒకసారి అటు చూసి, మళ్లీ ఒడ్డు చేరేదాకా చుక్కాని మీద నుంచి చూపు తిప్పలేదు. పలివెలలో అందరూ గుడిలోకి వెళ్లారు, ఆవిడ బండిలో ఉండిపోయింది. లోపల పూజారి మళ్లీ కొప్పు కథ చెబుతున్నట్టున్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఒళ్లో పెట్టుకోవడానికి ఏమీ లేక, ఆవిడకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

మర్నాడు మామూలుగానే పేరమ్మ బావి దగ్గరికి వెళ్లింది. చెట్టుకి నీళ్లు పొయ్యాలి కదా. చేద వెయ్యబోతుంటే వెనక దగ్గు వినిపించింది. అవధానులు గారు పెరట్లోకి వచ్చి, ఆవిడకేసి చూడకుండా చెట్టుకేసి తిరిగి నిలబడ్డారు. లక్ష్మీకాంతం వెంట లేదు. వాళ్లిద్దరూ అలా ఒంటరిగా ఒకచోట నిలబడడం అదే మొదటిసారి.

"కాయ వలిచింది నేనేనమ్మా," అన్నారు ఆయన. "చెయ్యి జారి పిలక కింద గునపం గీత పడింది. గుళ్లో చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది, మనదేనని."

పేరమ్మ చేద బావి గట్టు మీద దించింది.

"తెలిసే కొట్టేను. మర్నాడు అక్కడ పెట్టింది మనది కాదని తెలిసే పెట్టేను. వాణ్ణి కాల్చడానికి నాకు చేతులు రాలేదమ్మా. ఎక్కడో ఉన్నాడేమో."

ఆ మాటలు చెప్పి ఆయన బరువు దించుకున్నట్టు ఊపిరి వదిలారు. తన మాట విని మరదలు ఊరడిల్లుతుందనే అనుకున్నారు పాపం. కర్మ చేసిన ఇల్లని అగ్రహారంలో అప్పుడే మళ్లీ పిలుపులు మొదలయ్యాయి. ఆ పొద్దున కూడా ఎవరింటికో బయలుదేరుతూ, పట్టుపంచె కట్టుకునే వచ్చారు.

పేరమ్మ ముసుగు వెనక్కి తీసింది. ఆ ఇంటికి కోడలిగా వచ్చాక బావగారితో ఆవిడ ఒక్క మాట కూడా మాట్లాడి ఎరగదు. గొంతు తనదిలా అనిపించలేదు.

"మీ తమ్ముడి తల కాల్చలేకపోయేరు," అంది. "మరి నా తల సంగతేమిటండీ, బావగారూ?"

అవధానులు గారు కండువా సర్దుకుని, ఇంటి వైపు వెళ్లిపోయారు. పేరమ్మ బావిలో చేద వేసి, నీళ్లు తోడి, చెట్టుకి పోసింది.