మూడోసారి అడిగినప్పుడు

ఇంతకు ముందు నేనేదీ రాసి ఎరగను. చదివింది ఐదో తరగతి. తప్పులుంటే మీరే సర్దుకుని చదువుకోండి.

గలీబుల అక్క పొద్దున్నే మిషను ముందు కూర్చుందంటే, దిండు గలీబులు కుట్టి కుట్టి మధ్యాహ్నానికి గాని నడుమెత్తేది కాదు. మంచాన పడ్డ చెల్లెలికి ఏళ్ల తరబడి ఆ మిషను గదిలోనే చాకిరీ చేసింది. చెల్లెలు పోయాక ఆమె ఊసెత్తే మనిషే లేకపోయాడు. ఇంట్లో రోగుల్ని చూసుకున్న వాళ్ల మీద పరిశోధన చేస్తున్నానంటూ ఒకమ్మాయి వచ్చి, "మీ చెల్లెలి గురించి చెప్పండక్కా" అనేసరికి అక్క మిషను ఆపి ఇటు తిరిగింది.

చెప్పడం మొదలెట్టగానే పోయిన ఆ చెల్లెలే వచ్చి మంచం అంచున కూర్చుంది. అమ్మాయి తన సంచీ జరిపి చోటిచ్చింది. అక్క టీ ఇస్తే చెల్లెలు ఊదుకుంటూ తాగి, పంచదార తక్కువైందని వంక కూడా పెట్టింది. అక్క మాట ఆగాక లేచి వెళ్ళిపోయింది.

రెండోసారి వచ్చినప్పుడూ అమ్మాయి అవే ప్రశ్నలు అడిగింది.

"అన్నీ చెప్పేశాగా తల్లీ?"

"మళ్ళీ అడిగితే మొదటిసారి గుర్తురానివి వస్తాయక్కా. మా పనే అంత."

వచ్చాయి. చెల్లెలి అలకలు, ఒళ్ళు తుడుస్తుంటే పాడే పిచ్చి పాటలు. చెల్లెలూ వచ్చింది గాని, మోచేతుల్లోంచి వెనక గోడ కనబడుతోంది.

పక్కింటి పిన్ని తొంగిచూసి, "వచ్చావుటే? ఏంటలా చిక్కిపోయావు?" అంది.

"మా అక్క చెప్పి చెప్పి నన్ను అరగదీసేస్తోంది పిన్నీ" అని పకపకా నవ్వింది చెల్లెలు.

అక్క నవ్వలేదు. చెబితే గాని రాదు, చెబితే అరిగిపోతుంది. ఆఖరి రోజు సంగతి మాత్రం చెప్పకుండా దాచుకుంది.

మూడోసారి అమ్మాయి అదే అడిగింది. "ఇష్టం లేకపోతే ఆపేద్దామక్కా. నేనిక రాను."

"రావా?"

ఈ పిల్ల రాకపోతే అడిగేదెవరు? గోడలకి చెప్పుకుంటే చెల్లెలు రాదు. అదీ చేసి చూసింది. ఒక్కసారి కళ్ళారా చూసుకుందామని నోరు విప్పింది. చెల్లెలు పొగలా వచ్చి కూర్చుంది.

"మొత్తం చెప్పేయవే అక్కా. ఇలా సగం సగం రావడం నావల్ల కావట్లేదు."

చెప్పేసింది. ఆ పొద్దున చెల్లెలు వణికే వేళ్ళతో సూదిలోకి దారం ఎక్కించి ఇచ్చింది. అక్క ఆ దారంతో గలీబు అంచు మడిచి కుట్టి, పళ్ళతో తెంపి, తలెత్తి చూసేసరికి అంతా అయిపోయింది.

అమ్మాయి కళ్ళు తుడుచుకుని లేచింది. అమ్మాయి సంచీ పట్టుకుని చెల్లెలూ లేచింది, ఒళ్ళు చేసి, నిండుగా, మంచాన పడకముందులా.

గుమ్మం దాకా సాగనంపిన అక్క మొహమాటంగా అడిగింది. "నీతో వచ్చినావిడ ఎవరమ్మా? కనీసం టీ కూడా ఇవ్వలేకపోయాను."

అమ్మాయి చెల్లెలి వైపు తిరిగింది. చెల్లెలే చెప్పింది. "పర్లేదండీ."

మర్నాడు పొద్దున అక్క పెట్టె సర్దుతుంటే సగం కుట్టిన జాకెట్టొకటి బయటపడింది. ఒంటికి పెట్టి చూసుకుంది. తనకి బాగా చిన్నది. ఎవరి కొలతో ఎంత ఆలోచించినా తట్టలేదు. దాని చేతులు రెండూ కత్తిరించి, మడిచి మసిగుడ్డగా కుట్టుకుంది. దాంతో పొయ్యి మీది గిన్నె దించింది.