పెరుగు మూట

నేను ఒక గుడ్డముక్కను. మూరన్నర పొడవు, మూర వెడల్పు. మూడు అంచులు చేత్తో మడిచి కుట్టినవి. నాలుగో అంచున సన్నని నీలం గీత ఉంటుంది. ఆ గీతను చూసి నేనొకప్పుడు పంచెనని తెలిసినవాళ్ళు పోల్చుకుంటారు.

పిఠాపురం దగ్గర ఒక మగ్గం మీద పుట్టాను. మగ్గం నుంచి కోశాక నేసినాయన నన్ను వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు. కొనేవాళ్ళు దారం చూస్తారు. ఆయన దారానికీ దారానికీ మధ్య ఉన్న సందులు చూశాడు. ఎందుకో అప్పుడు నాకు అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, గుడ్డ చేసే పనిలో సగం ఆ సందులదే. ఏది కిందికి దిగాలి, ఏది పైన నిలవాలి అన్నది అవే తేలుస్తాయి. ఈ సంగతి మీద నాకున్న ఆసక్తి ఇప్పటికీ తీరలేదు.

కాకినాడలో తాలూకా ఆఫీసు గుమస్తా ఒకాయన నన్ను కొని ఏడేళ్ళు కట్టుకున్నాడు. మోకాళ్ళ దగ్గర పలచబడ్డాక ఆయన భార్య పేరిందేవి గారు నన్ను నాలుగు ముక్కలుగా చింపారు. ఒకటి ఇస్త్రీ బల్ల మీదికి, ఒకటి దేవుడి పటాలు తుడవడానికి, ఒకటి ఎవరి కాలి దెబ్బకో కట్టు కట్టడానికి పోయాయి. నాలుగోదాన్ని నేను. నన్ను ఆవకాయ జాడీకి వాసెన కట్టారు. అంటే జాడీ మూతి మీదుగా కప్పి, మెడ దగ్గర తాడుతో బిగించారన్నమాట. చీమ దూరకూడదు, చెమ్మ చేరకూడదు, గాలి మాత్రం ఆడాలి. మూడేళ్ళు ఆ ఉద్యోగం చేశాను. జాడీ ఖాళీ అయినప్పుడల్లా ఆవిడ నన్ను సబ్బు పెట్టి రుద్ది, డాబా మీద నాలుగు ఎండలు ఆరేసేవారు. తెలుపు విషయంలో ఆవిడ పట్టు గొప్పది. పక్కింటివాళ్ళ దుప్పటి మీద పసుపు మరక కనిపిస్తే ఆ పూట వాళ్ళతో మాట్లాడేవారు కారు.

ఆ తర్వాత మూతకు మరలున్న గాజు జాడీ వచ్చింది. నన్ను మడిచి, అలమరలో ఆవిడ పాత చీరల కింద పెట్టారు. ఎన్నేళ్ళు ఉన్నానో లెక్క పెట్టలేదు. కర్పూరం ఉండల వాసన తప్ప అక్కడ తెలుసుకోవడానికి ఏమీ లేదు.

నన్ను మళ్ళీ బయటికి తీసింది కోడలు వకుళ. పెళ్ళికి ముందు రసాయనశాస్త్రంలో డిగ్రీ చేసిన మనిషి. చారులో ఉప్పు ఎంత అంటే అత్తగారు "చేతికి తెలుస్తుంది" అంటారు. వకుళ "ఎన్ని చెంచాలండీ" అంటుంది. ఇద్దరి చారూ బాగానే ఉంటుంది కానీ, ఆ మాట ఒకరితో ఒకరు ఎప్పుడూ అనుకోలేదు.

అప్పటికి పేరిందేవి గారికి నాలుక పక్కన పుండు లేచి, అది మంచిది కాదని తేలి, ఆసుపత్రిలో కరెంటు, అంటే రేడియేషన్, పెడుతున్నారు. ముప్ఫై సార్లు పెట్టాలి. ఇరవై అయ్యేసరికి నోరంతా పచ్చిపుండైంది. గంజి మంట, పాలు మంట, మంచినీళ్ళు కూడా మంట. యాభై నాలుగు కిలోల మనిషి నలభై అయిదూ పాయింటు రెండుకు దిగారు. శుక్రవారం తూకం చూసిన డాక్టరుగారు మెత్తగానే చెప్పాడు: వారం రోజులు కరెంటు ఆపుదాం, వచ్చే శుక్రవారానికి నలభై అయిదు కంటే తగ్గితే ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేయక తప్పదు.

ఇంటికి వచ్చాక ఆవిడ కొడుకు శశిధర్‌తో నెమ్మదిగా, ఒక్కో మాటా ఏరుకుని చెప్పారు.

"మా అక్కకు వేశార్రా ఆ గొట్టం. మళ్ళీ వంటింటి గడప తొక్కలేదు. అద్దం వంక చూడలేదు. నాకు వేస్తే నేనింక కరెంటుకు రాను. మిగిలిన పదీ మీరే పెట్టించుకోండి."

ఆవిడ ఊరికే అనే మనిషి కాదు. కొడుక్కీ కోడలికీ ఆ సంగతి తెలుసు. వైద్యం ఆగిపోకూడదంటే ఏడు రోజుల్లో ఏదో ఒకటి ఆ గొంతులోంచి దిగాలి.

వకుళ ఆలోచించింది. చల్లనిదైతే మంట తెలియదు. మెత్తనిదైతే గుచ్చుకోదు. పులుపు ఉండకూడదు, బలం ఉండాలి. అలా ఆలోచించి కమ్మని గేదెపాల పెరుగు, సపోటా పండ్ల దగ్గర ఆగింది. శనివారం రెండూ కలిపి, పంచదార వేసి, డబ్బాలో పోసి ఫ్రీజర్లో పెట్టింది.

"పెరుగులో పండేంటమ్మా, ఎక్కడైనా ఉందా?" అన్నారు అత్తగారు.

"పెరుగన్నంలో దానిమ్మగింజలు వేసేది మీరే కదండీ."

"అది అన్నం."

అన్నం కలిస్తే ఎందుకు తప్పు కాదో నాకు ఇప్పటికీ తెలియలేదు. మనుషుల నియమాలకు కూడా నా మాదిరే సందులుంటాయి కాబోలు.

సాయంత్రం డబ్బా తీస్తే అందులో ఉన్నది రాయి. చెంచా దిగలేదు, చెంచా మెడ వంగింది. గోరంత ముక్క విరిచి ఇస్తే ఆవిడ నాలుక మీద పెట్టుకుని వెంటనే ఉమ్మేశారు.

"ఇది తినడానికా, మేకులు కొట్టుకోవడానికా?"

వకుళకు కోపం రాలేదు. ఆ ముక్కను కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి చూసింది. లోపల సూదుల్లా మంచు పలుకులు. పెరుగులో ఉన్న నీరే గడ్డకట్టి పలుకులైంది. నీరు తీసేస్తే పలుకు ఉండదు. నీరు తీయాలంటే మంచి పలచని గుడ్డ కావాలి. అలమరలో వెతికితే, పాత చీరల కింద, కొంగ రెక్కంత తెల్లగా నేను దొరికాను. ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. కర్పూరం ఉండల వాసన వేసింది. వేడినీళ్ళలో జాడించి ఆరేసింది.

ఆదివారం ఉదయం ఒక గిన్నె మీద నన్ను పరిచి, లీటరు పాల పెరుగు నా మధ్యలో వేసింది. నాలుగు కొసలూ చేర్చి ముడివేసి, పులుపెక్కకుండా ఫ్రిజ్‌లోనే పై అర కమ్మీకి వేలాడగట్టి, కింద గిన్నె పెట్టింది. అంత హాయైన పని నేనెప్పుడూ చేయలేదు. పెరుగు ఒళ్ళో పెట్టుకుని ఊగుతూ ఉంటే నీరు తనంతట తనే దారి వెతుక్కుంది. మొదట ధారగా, తర్వాత చినుకుగా, ఆ తర్వాత ఎప్పుడో ఒక బొట్టు. ఆ నీటికి లేత ఆకుపచ్చ రంగు. పాలలో ఆ రంగు ఎక్కడ దాక్కుందో. మధ్యాహ్నానికి కింద రెండు గ్లాసుల నీరు, నాలో గుప్పెడు వెన్నముద్దలాంటి పెరుగు.

సపోటాల తొక్క తీసి, గింజలు ఏరి, గుజ్జును సన్న జల్లెడలో రుద్దింది. ఆ పండులోని ఇసుకపలుకు కూడా నోటికి తగలకూడదని. పెరుగు ముద్ద, గుజ్జు, పంచదార పొడి, రెండు చెంచాల పాలపొడి కలిపి గిలక్కొట్టి, వెడల్పు డబ్బాలో పరిచి ఫ్రీజర్లో పెట్టింది. గంటకోసారి తీసి ఫోర్కుతో గీకి, కలిపి, మళ్ళీ పెట్టింది. మూడుసార్లు అలా చేశాక అది రాయి కాలేదు. చెంచా పెడితే చిన్న చప్పుడు కూడా లేకుండా లోపలికి పోయింది.

పేరిందేవి గారు ఒక చెంచా నోట్లో పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. మొహం తేటపడింది. రెండో చెంచా కూడా తీసుకున్నారు. అప్పుడు మెల్లగా, కళ్ళ కొసల్లోంచి నీళ్ళు దిగాయి. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"ఇందులో కారం వేశావా?"

"కారమా? ఇందులోనా అత్తయ్యగారూ?"

"నోరు మండిపోతోంది."

శశిధర్ తిన్నాడు. వకుళ తింది. ఇద్దరికీ చల్లదనం, తీపి తప్ప ఏమీ తగల్లేదు.

"అమ్మా, అది నీ నోరు. ఇప్పుడేం పెట్టినా అంతే," అన్నాడు శశిధర్.

ఆ మాటే తప్పయింది. పేరిందేవి గారు గిన్నె పక్కకు నెట్టి, గోడ వైపు తిరిగి పడుకున్నారు. సోమవారం పూటకు నాలుగు చెంచాల గంజి తప్ప ఏమీ ముట్టలేదు. "నోట్లో కారం పోసి, కారం లేదంటున్నారు" అని గోడతో అన్నారు. శశిధర్ ఆసుపత్రికి ఫోన్ చేస్తే, ఈ వైద్యంలో అలా అనిపించడం మామూలేనని చెప్పారు. అందరికీ అది సరిపోయింది, వకుళకు తప్ప. అత్తగారు ఎన్నో అన్నారు గానీ, లేని రుచి ఉందని ఎప్పుడూ అనలేదు. వంటలో ఆవిడ నాలుక అబద్ధం చెప్పగా వకుళ పదిహేనేళ్ళలో చూడలేదు.

మంగళవారం ఉదయం మంచం పక్కన స్టూలు వేసి, దాని మీద అయిదు చెంచాలు వరసగా పెట్టింది. ఒక్కోదాంట్లో ఒక్కోటి.

"ఏంటిది, పరీక్షకు కూర్చోబెట్టావా నన్ను?"

"మార్కులు వేసేది మీరేనండీ. నాలుక కొసకు తగిలిస్తే చాలు."

ఆవిడకు ఆ పదవి నచ్చినట్టుంది, లేచి కూర్చున్నారు. పంచదార: ఏమీ లేదు. పాలపొడి: ఏమీ లేదు. సపోటా: "మట్టిలా ఉంది, మంట లేదు." ఆదివారం గిన్నెలో మిగిలిన పెరుగు: "తోడు సరిగ్గా పడింది. మంట లేదు." అయిదోది ఆదివారం వాడగా నాలోనే మిగిలి, ఫ్రిజ్‌లో ఉన్న పెరుగు. అది తగిలిన క్షణంలోనే చెయ్యి పైకెత్తి, నీళ్ళ గ్లాసు అందుకున్నారు.

"రెండూ ఒకే గిన్నెలోవండీ," అంది వకుళ. "ఇది గుడ్డలో కట్టాను, అది కట్టలేదు. తేడా అంతే." వంటింట్లోంచి నన్ను తెచ్చి విప్పి చూపించింది.

పేరిందేవి గారి చూపు నా నీలం గీత మీద ఆగింది.

"ఇదెక్కడ దొరికింది నీకు?"

"మీ పాత చీరల కింద. తెల్లగా ఉంటేనూ..."

"తెల్లగా ఎందుకుండదు, ఉతికింది నేను." ఆవిడ నీలం గీత మీద వేలు పెట్టారు. "అది ఆవకాయ జాడీ వాసెన గుడ్డమ్మా. మూడేళ్ళ కారం తాగింది."

వకుళ నన్ను మంచం మీద పరిచి, వేలితో మధ్యలో గుండ్రంగా గీసింది, జాడీ మూతి ఉండే చోట. "కారంలో ఘాటు నీళ్ళలో కరగదండీ. నూనెలో, వెన్నలో కరుగుతుంది. రంగేమో ఎండకు పోయింది. ఘాటు దారాల్లోనే ఉండిపోయింది. మొన్న గేదెపాల పెరుగు తగిలేసరికి..."

"వెన్న లాక్కుంది," అన్నారు అత్తగారు. "అందుకేగా కారం తగిలినవాడికి నీళ్ళివ్వం, పెరుగిస్తాం."

ఒకరు కాలేజీ వైపు నుంచి, ఒకరు వంటింటి వైపు నుంచి వచ్చి ఒకే చోట నిలబడ్డారు. నన్నడిగితే నేనూ అక్కడే ఉన్నాను, కాస్త సిగ్గుతో. దిగేది, నిలిచేది అని నాకు రెండే తెలుసు. దాచుకునేది కూడా ఒకటుందని నాకే తెలియదు. మామూలు నోళ్ళు పోల్చలేనిది పచ్చిపుండు పోల్చింది.

"నేను అబద్ధం చెప్పలేదుగా," అన్నారు ఆవిడ.

"లేదండీ. అందుకే చెంచాలు పెట్టాను."

ఆ పూటే కొత్త మల్లుగుడ్డ వచ్చింది. నన్ను సింకు కింద మసిగుడ్డల్లో పడేశారు. అక్కడి నుంచి అన్నీ వినపడేవి. బుధవారం మధ్యాహ్నం ఒక గిన్నె. సాయంత్రం మరొకటి. "సపోటా మట్టిలా ఉంది, అరటిపండు వెయ్యి." గురువారం మూడు గిన్నెలు. "పంచదార ఒక చెంచా ఎక్కువైంది." "అర చెంచానండీ." నేను లేకుండా అంత చక్కగా జరుగుతుంటే వినడం కొంచెం కష్టంగానే ఉండేది.

శుక్రవారం పొద్దున ఇంట్లోవాళ్ళు బయల్దేరే హడావుడిలో ఉండగా సింకు కిందికి ఒక చెయ్యి వచ్చింది. ముడతలు పడ్డ, గాజులు మోచేతి దాకా జారుతున్న చెయ్యి. నన్ను లాగి, యాలకులు దంచే చిన్న ఇత్తడి రోకలిని నాలో చుట్టి, గట్టిగా ముడివేసి, నడుం దగ్గర చీర కుచ్చిళ్ళలోకి దోపుకుంది.

ఆసుపత్రి వరండాలో తూకం యంత్రం. పేరిందేవి గారు చెప్పులు విప్పి, ఊపిరి బిగబట్టి ఎక్కారు. అంకెలు వెలిగాయి. నలభై అయిదూ పాయింటు ఆరు.

"పెరిగారే," అంది నర్సు.

శశిధర్ మొహం విప్పారింది. వకుళ మాత్రం అంకెల వంక కాకుండా అత్తగారి నడుం వంక చూసింది. రెండు రోజుల్లో తను ఎంత పెట్టిందో ఆమెకు తెలుసు. అంత పెరగడానికి అది చాలదు. దగ్గరికి వెళ్ళి చెయ్యి చాచింది.

అత్తగారు ఆ చేతిని చూశారు. నర్సును చూశారు. గొంతు తగ్గించి, "తగ్గితేనో?" అన్నారు.

"తగ్గితే తగ్గిందని తెలియాలి కదండీ."

ఆ చెయ్యి వెనక్కి పోలేదు. పేరిందేవి గారు కుచ్చిళ్ళలోంచి నన్ను తీసి అందులో పెట్టారు. రోకలి అరకిలో. వకుళ గుప్పిట్లో ఉన్నాను కాబట్టి ఆమె వేళ్ళు ఎంత బిగుసుకున్నాయో నాకు తెలుసు. అంకెలు ఊగాయి, దిగాయి, ఒక చోట ఆగాయి.

నలభై అయిదూ పాయింటు ఒకటి.

డాక్టరుగారు వచ్చి అంకె చూశాడు, వకుళ చేతిలో మూట కూడా చూశాడు. "వారానికి రెండు కిలోలు తగ్గుతున్నావిడ ఈసారి వంద గ్రాములే తగ్గారు. గొట్టం వద్దు. సోమవారం కరెంటుకు రండి. ఇంతకీ ఏం పెడుతున్నారు?"

వకుళ చెప్పబోయింది. ఈలోపే పేరిందేవి గారు బెంచీ మీద సర్దుకుని కూర్చుని, నన్ను లాక్కుని, రోకలి తీసి పక్కన పెట్టి, నన్ను మోకాళ్ళ మీద పరిచారు. మాట్లాడితే నొప్పి, అయినా ఆపలేదు. పక్కన సామర్లకోట నుంచి భర్తను తీసుకొచ్చిన ఒకావిడ కూర్చుని ఉంది. ఆయన నోటికి తుండు అడ్డం పెట్టుకుని నేల చూస్తున్నాడు.

"చూడమ్మా, పులుపెక్కని పెరుగు ఇలా మధ్యలో వెయ్యాలి. ఈ నాలుగు కొసలూ చేర్చి ముడెయ్యాలి. ఫ్రిజ్‌లోనే వేలాడదియ్యాలి. పండు మా కోడలు జల్లెడ పడుతుంది. నువ్వూ పట్టు. గంటకోసారి గీకాలి, మూడుసార్లు. బద్ధకిస్తే రాయవుతుంది."

ఆవిడ అంతా శ్రద్ధగా విని, నా అంచు పట్టుకుని చూసింది. "ఎంత పలచగా ఉందండీ. మాకు ఊళ్ళో ఇలాంటిది దొరకదు. ఈ గుడ్డ ఇస్తారా?"

"అది వద్దు," అన్నారు అత్తా కోడలూ.

వాళ్ళిద్దరూ ఒకేసారి ఒకే మాట అనడం నేను వినడం అదే మొదలు.