హెల్డా మీద ఎనిమిదో బోరు

మాట్లాడటానికి ఇప్పుడు నాకు ఛానెల్ లేదు కాబట్టి రాస్తున్నాను. ఆరేళ్లపాటు 'ఆడి చెప్తా' అనే పేరుతో వీడియో గేములు ఆడి, ఏది కొనాలో ఏది కొనకూడదో తెలుగులో చెప్పేదాన్ని. వేంపల్లె దగ్గర మా ఊళ్లో, చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, ఉన్న ఇంట్లోనే కూర్చుని చెప్పేదాన్ని. అరవై రెండు వేల మంది వినేవాళ్లు. నా పేరు నాగజ్యోతి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఊళ్లో అంటారు. అన్నవాళ్లెవరో నాకు తెలుసు.

ఆ గేము పేరు 'డ్రై ఆర్బిట్'. నార్వేలో ముగ్గురు కలిసి నాలుగేళ్లు కష్టపడి చేశారట. ఓడ కూలిపోయి హెల్డా అనే గ్రహం మీద ఒంటరిగా పడతాం. ఊపిరి, తిండి, నీళ్లు చూసుకుంటూ బతకాలి, తిరిగి తిరిగి ఆ గ్రహాన్ని తెలుసుకోవాలి. ఎర్ర నేల, నల్ల గుండ్లు, ఎండిపోయిన వంకలు. మొదటిసారి తెర మీద చూడగానే నవ్వొచ్చింది. మా ఊరి నుంచి చెట్లు పీకేసి, ఆకాశంలో ఇద్దరు చందమామల్ని పెట్టినట్టుంది.

ఆడే ముందు ఇతరులు రాసినవి చదవకూడదని నాకో నియమం. ఆడాకనే చదువుతాను. ఈసారి ఆడటం మొదలుపెట్టిన పది గంటలకే నియమం తప్పాను, ఎందుకంటే నాకు నీళ్లు దొరకలేదు. మిగతావాళ్లు ఏం చేశారా అని ఒకటే కుతూహలం. ఒకాయన ఆ గ్రహం మీది నిశ్శబ్దం గురించి పేజీన్నర రాసి పదికి తొమ్మిది ఇచ్చాడు. ఒకావిడ సంచీ చిన్నదని, నాలుగు రాళ్లు వేస్తే నిండిపోతోందని విసుక్కుని ఆరు ఇచ్చింది. నడక ఎక్కువైందని ఒకరు, కథ తక్కువైందని ఇంకొకరు. నీళ్ల గురించి మాత్రం ఒక్కరూ ఒక్క ముక్క రాయలేదు. ఇదేం విడ్డూరం! నీళ్లు లేని చోట కూర్చుని సంచీ గురించి ఏడుస్తారా ఎవరైనా?

నేను మాత్రం ఊరికే కూర్చోలేదు. ఓడలో డ్రిల్లు మిషను ఒకటుంది. చూడగానే ప్రాణం లేచొచ్చింది. బోరు వేశాను. వంద అడుగులు, రెండు వందలు, అంతా పొడి దుమ్ము. ప్రతి వంద అడుగులకూ కొత్త ఇనుప రాడ్డు తయారు చేసుకోవాలి, దానికి ఇనుము తవ్వుకు రావాలి, ఆలోగా ఊపిరి అయిపోతుంది. ఓడలో మిగిలిన నాలుగు సీసాల నీళ్లు తాగేశాక, చచ్చి ఓడ దగ్గర అవే నాలుగు సీసాలతో మళ్లీ లేవడమే; తవ్విన బోరు మాత్రం అలాగే ఉంటుంది.

మా నాయన ఓబుళేసు వెనక మంచం మీద కూర్చుని చూసేవాడు. ఆటలంటే ఆయనకు గిట్టదు. బోరనగానే లేచి కూర్చున్నాడు. మా తోటలో ఇప్పటికి ఏడు బోర్లు వేయించాడాయన. ఏడూ ఎండుబోర్లే. ట్యాంకరు నీళ్లతో బతుకుతున్నాయి మా చెట్లు. ఎనిమిదో బోరుకు బండి పిలుద్దామని ఏడాదిగా అంటూనే ఉన్నాడు.

"పాయింటు ఎవురు పెట్టినారు మ్మే నీకు?" అన్నాడు.

"ఎవురూ పెట్టల్యా నాయనా. నాకు తోచిన కాడ ఏసినా."

"అదీ సంగతి! పాయింటు ల్యాకుండా బోరేస్తే నీళ్లు యాడ పడ్తాయి?"

లోపలికి పోయి టెంకాయ తెచ్చాడు. కింద నీళ్లున్న చోట అది లేచి నిలబడుతుందని మా వాళ్ల నమ్మకం. అరచేతిలో పడుకోబెట్టుకుని టీవీ ముందర నిలబడి, "నడుచ్చా పో" అన్నాడు. నేను ఆ గ్రహం మీద నడుస్తున్నాను, మా నాయన టెంకాయ పట్టుకుని తెర ముందు అడుగులో అడుగేస్తున్నాడు. నేను నవ్వలేదు. నిజం చెప్పాలంటే, ఊపిరి బిగబట్టి టెంకాయ వంకే చూస్తున్నాను. ఒకచోట, వంక గట్టు మీద, అది లేచి నిలబడింది.

"ఈడ!" అని కేకేశాడు.

అక్కడే వేశాను. ఐదు వందల అడుగులు. ఏడు వందలు. "రాయి రంగు మారింది సూడు, ఇంగ వస్తాయి" అంటాడు. ఎనిమిది వందలు. "ఇంగో నూరు ఎయ్యి మ్మే, ఈడిదాకా వచ్చి ఇడిసిపెడ్తారా ఎవురన్నా?" ఆట లెక్క మీటర్లలో చూపిస్తే నేను అడుగుల్లోకి మార్చి చెప్పేదాన్ని. నాలుగు రోజుల్లో పదకొండు వందల అడుగులు పోయాం. దుమ్మే. ఆరోసారి చచ్చిపోయాను. నా ఓపిక చచ్చిపోయింది.

ఆ సాయంత్రమే కెమెరా ముందు కూర్చున్నాను. "పదకొండు వందల అడుగులు పోయినా చుక్క నీళ్లు పెట్టని వాళ్లు ఆట చేయలేదు, మోసం చేశారు" అన్నాను. పదికి రెండు ఇచ్చాను. "నీళ్ల గురించి రాయలసీమ దానికి చెప్పొచ్చేవాళ్లా మీరు? ఆ గ్రహం మీద ఎవరైనా నాకు చుక్క నీళ్లు చూపించండి, ఈ ఛానెల్ మూసేస్తా!" అని బల్ల గుద్దాను. బల్ల మీదున్న టెంకాయ దొర్లి కింద పడింది. అది కూడా వీడియోలో ఉంది.

మూడు లక్షల మంది చూశారు. నా బతుకులో ఏ వీడియోకూ అంతమంది రాలేదు. "సీమ బిడ్డ అంటే ఇదీ" అని ఒకరు, "కొందామనుకున్నా, బతికించావక్కా" అని వందల మంది. నీళ్లు మాత్రం ఎవరూ చూపించలేదు. నా మాట విని ఎవరూ కొనలేదు కదా, ఎవరు చూపిస్తారు? అప్పుడు నాకది తట్టలేదు. గెలిచాననే అనుకున్నాను.

మూడో రోజు మధ్యాహ్నం కృపమణవ్వ వచ్చింది. ఆమెకు అరవై దాటి ఉంటాయి. మా తోటలో కలుపు తీస్తుంది, ఆదివారం చర్చిలో అందరికన్నా గట్టిగా పాడుతుంది. ఎండకు తాళలేక ఫ్యాను కింద కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి, టీవీ వైపు చూసింది. కసి తీరక నేను ఆ బోరు దగ్గరే తిరుగుతున్నాను.

"ఏంది పాపా అది? మన పాపాఘ్ని ఏరు మాదిరుండాది."

"ఇది మన ఊరు కాదవ్వా. ఆకాశంలో ఇంగో లోకం."

"ఆడ గూడా ఇసకుండాదా!" అని బుగ్గ నొక్కుకుంది. కాసేపు చూసి, "ఏం చేస్తాండావు ఆ గుండ్ల మింద?" అంది.

"నీళ్లు. పదకొండు నూర్లు పోయినా పడల్యా."

ఆమె నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "వంక కిందనే ఉండాది గదా. ఆ మలుపు కాడ ఇసక మేట ఏసిండాది గదా. చెలమ తోడుకోకుండా గుండ్లను పొడుస్తావేంది?"

చెలమ అంటే వంక ఇసుకలో చేత్తో తోడే గుంట. నా చిన్నప్పుడు మా జేజి, అంటే నాయనమ్మ, బిందె పట్టుకుని పోయేది. నేను మర్చిపోయి ఇరవై ఏళ్లు దాటింది.

"చెలమ తోడేదానికి దీంట్లో ఏం లేదవ్వా" అన్నాను విసుగ్గా. అన్నాక సంచీ తెరిచి చూశాను. అన్నిటికన్నా అడుగున, మొదటి రోజు నుంచీ ఉన్న చిన్న రేకు చిప్ప. ఎందుకూ పనికిరాదని నేను ముట్టుకోనిది.

వంకలోకి దిగాను. మలుపు దగ్గర వంగి ఒక చిప్ప ఇసుక తీశాను. రెండు. మూడోదానికి ఇసుక రంగు మారింది. ఐదోదానికి గుంట అడుగున ఏదో మెరిసింది.

"తొలి నీళ్లు పారబొయ్యి. బురదగా ఉంటాయి. మళ్లా ఊరినవి తాగు" అంది కృపమణవ్వ, చెంబు బోర్లిస్తూ.

తొలి నీళ్లను ఆట 'మురికి' అంది. పారబోశాను. మళ్లీ ఊరినవాటిని 'తాగవచ్చు' అంది. నిలువునా చేయంత లోతు కూడా లేదు! దానికి పది అడుగుల దూరంలో గట్టు మీద నా పదకొండు వందల అడుగుల బోరు నోరు తెరుచుకుని ఉంది. సిగ్గుతో నా చెవులు వేడెక్కిపోయాయి.

కృపమణవ్వ పని ఉందని లేచిపోయింది. వెనక మంచం మీద కూర్చుని అంతా చూసిన మా నాయన ఆమె గడప దాటేదాకా ఆగాడు. తర్వాత మెల్లగా అన్నాడు.

"ఎవురికి తెలుస్తాది మ్మే? మనం ముగ్గురమే గదా సూసినాం. కృపమణి ఎవురికీ చెప్పదు. నోరు మూసుకోని ఉండు. ఆరేండ్ల కష్టం."

ఆరేళ్ల కష్టమే. నా సంపాదనా అదే, నలుగురిలో నాకున్న పేరూ అదే. ఆ సాయంత్రమంతా తోటలో తిరిగాను. ఆట మొదట్లో నార్వే వాళ్ల ముగ్గురి ఫొటో ఒకటి ఉంది, వానలో గొడుగుల కింద నవ్వుతూ దిగింది. నేను మోసగాళ్లని తిట్టింది వాళ్లని. మూడు లక్షల మందికి వినపడేలా తిట్టి, తప్పని తెలిశాక చెవిలో గుసగుసగా కూడా చెప్పకపోతే నేనేం మనిషిని? పైగా ఇన్నాళ్లూ నేను అమ్మింది నా మాటనే.

మర్నాడు పొద్దున చివరి వీడియో పెట్టాను. చెలమ తోడి చూపించాను. "నీళ్లున్నాయి. చేయంత లోతులో ఉన్నాయి. చూపించింది మా తోటలో పనిచేసే కృపమణి. ఆట మోసం కాదు, నాకే కళ్లు లేవు. పదికి తొమ్మిది. సంచీ నిజంగానే చిన్నది, అందుకు ఒకటి తగ్గించా" అన్నాను. వద్దక్కా, మూయొద్దక్కా అని అందరూ మొత్తుకున్నారు. మాట మాటే. మూసేశాను. మూసేశాక బాత్రూములోకి పోయి, కొళాయి తిప్పి ఏడ్చాను. మధ్యలో ట్యాంకరు నీళ్లని గుర్తొచ్చి కొళాయి కట్టేసి ఏడ్చాను.

వారానికి నార్వే నుంచి ఉత్తరం వచ్చింది. ముగ్గురిలో ఒకామె, ఇంగ్రిడ్ అట. తిడుతుందేమో అనుకుని ఒక కన్ను మూసి చదివాను. తిట్టలేదు. ఆమెకు ఒకటే కుతూహలం. "మా డ్రిల్లు నీళ్ల కోసం పెట్టింది కాదు, లోహాల నమూనాల కోసం. ఎవరెంత లోతు తవ్వారో మాకు లెక్క వస్తుంది. ప్రపంచం మొత్తం మీద ముప్పై మీటర్లు దాటినవాళ్లు ఎవరూ లేరు. ఆ కింద మేం ఏమీ తయారు చేయలేదు, ఒకే రాయిని మళ్లీ మళ్లీ పేర్చే లెక్క ఒకటి వదిలేశాం. మీరు మూడు వందల ముప్పై అయిదు మీటర్లు పోయారు. మా ముగ్గురికీ అర్థం కాని ప్రశ్న ఒకటే. ఎందుకు ఆగలేదు?"

రెండు రోజులు జవాబు రాసి చెరిపేస్తూ గడిపాను. ఎందుకు ఆగలేదు? ఆ ప్రశ్న నన్ను అంతవరకూ ఎవరూ అడగలేదు, మా నాయననూ ఎవరూ అడగలేదు. చివరికి ఉన్నదున్నట్టు రాశాను. మా తోటలో ఏడు కేసింగు పైపులు మూతలు బిగించి నిలబడి ఉన్నాయని రాశాను. ప్రతి బోరు దగ్గరా మా నాయన బండి వాళ్లతో ఇంకో నూరు, ఇంకో నూరు అన్నాడని, ఆపిన చోట నుంచి ఒక్క అడుగు కింద నీళ్లుండి ఉంటాయేమోనని ఈనాటికీ ఆయనకు అనుమానమని రాశాను. మా దగ్గర ఎవరికీ ఆగడం చేతకాదని రాశాను. పంపాక, ఇంటి సంగతి పరాయివాళ్లకు చెప్పానేమిటా అని నా మీద నాకే కోపం వచ్చింది.

మూడు వారాలకు ఆటకు కొత్త మార్పులు వచ్చాయి. ఏమేం మార్చారో జాబితా ఉంది. సంచీ పెద్దది చేశారు. నడక వేగం పెంచారు. అన్నిటికన్నా చివర ఒక చిన్న వరుస ఉంది: 'దక్షిణపు వంక గట్టు మీద, మూడు వందల అరవై అయిదు మీటర్ల లోతున, ఒకే ఒక్క చోట నీళ్లు చేర్చాం.'

నాలుగుసార్లు చదివాను. అడుగుల్లోకి మారిస్తే పన్నెండు వందలకు కాస్త ఇటూ అటూ.

ఆ మధ్యాహ్నం మా నాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. ఛానెల్ మూసినప్పటి నుంచి ఆయన ఎనిమిదో బోరు మాట ఎత్తలేదు. నేనే అడిగాను.

"నాయనా, ఆ బోరు అట్లనే ఇడిసిపెడితిమి. ఇంగో నూరు ఏద్దామా?"

"ఎందుకులే మ్మే. కృపమణి చూపిచ్చె గదా" అన్నాడు. అంటూనే వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

రిమోటు ఆయన చేతికే ఇచ్చాను. ఏ మీట నొక్కాలో చెప్పాను. పదకొండు వందల ఇరవై. దుమ్ము. పదకొండు వందల డెబ్భై. దుమ్ము. "ఇంతేలే" అన్నాడు గానీ మీట వదల్లేదు. పన్నెండు వందలు దగ్గర పడేసరికి మిషను శబ్దం మారింది. దుమ్ము తడిసి బురదైంది. మరు క్షణం గట్టు మీద నుంచి నీళ్లు ఇంటెత్తు ఎగజిమ్మాయి.

మా నాయన లేచి నిలబడ్డాడు. ఆయన నోరు తెరిస్తే "చెప్పలా నేను!" అంటాడనుకున్నాను. అనలేదు. తెర దగ్గరికి పోయి అలాగే చూస్తున్నాడు. ఆ నీళ్లు నాలుగు వారాల కిందట అక్కడ లేవని నేను చెప్పలేదు. మొహం మీద నిజం చెప్పేస్తానని పేరు తెచ్చుకున్నదాన్ని, నా ఛానెల్‌ను ఆ పేరు కోసమే మూసుకున్నదాన్ని. చెప్పలేదు.

"మంచినీళ్లా, ఉప్పునీళ్లా సూడు మ్మే" అన్నాడు.

సీసా నింపి చూశాను. "మంచినీళ్లే నాయనా."

తలూపాడు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. నీళ్లు ఇంకా ఎగజిమ్ముతూనే ఉన్నాయి, ఎర్ర నేల మీద పారుతూనే ఉన్నాయి. ఆయన ఒక్కసారిగా కంగారుపడి నా వైపు తిరిగాడు.

"ఆపెయ్ మ్మే, ఆపెయ్. నీళ్లు ఊరికే పోతాండాయి."