హెస్టర్ కోసం కట్టిన గది

తడి సున్నం వాసన.

పాత ఇంట్లో కొత్త గోడ వాసన... కిటికీలు తీసిపెట్టినా పోలేదు. ఇంగ్లండులోని ఈ సఫోక్‌లో ఎండ కాస్తే కదా గోడ ఆరడానికి!

హెస్టర్ చెప్పు ఒకటి పోయింది. ఎడమకాలిది. వాడి వాడి ఆమె పాదం ఆకారానికి వచ్చేసిన తోలు చెప్పు.

చూశారా అని అడిగితే, భర్త ఆంబ్రోస్ పేపర్లోంచి తలెత్తలేదు.

"ఎక్కడికి పోతుంది? ఇంట్లోనే ఉంటుంది."

ఇల్లు... ఒక్క ఇల్లా అది? నడుమ తాతల నాటి ఓక్ దూలాల ఇల్లు, ఒక పక్కకి ఒరిగిపోయి. దాని ముందు ఎర్ర ఇటుకల భాగం — అత్తగారు కాపురానికి వచ్చినప్పుడు మామగారు కట్టించింది. పక్కన పెద్ద కిటికీల గది — ఆంబ్రోస్ మొదటి భార్య లవీనియా కోసం.

వెనక, ఈ కొత్త గది — హెస్టర్ కోసం.

వచ్చిన ప్రతి కోడలికీ ఒక గది. ఎంత ముద్దో అనుకుంది, మొదట్లో.

ఆదివారం టీకి వచ్చిన ఆడపడుచు ప్రూడెన్స్ నవ్వుతూ చెప్పేసింది. కొత్తగా ఏం కట్టినా, చలిమంట పొయ్యి పై గోడలో వాడిన చెప్పొకటి పెట్టి మూసేస్తారట. ఇంట్లోకి వచ్చిన చెడు, ఆ చెప్పే మనిషనుకుని దూరి, అందులో ఇరుక్కుపోతుందట. ఎర్ర ఇటుకల గోడలో మా అమ్మ చెప్పు ఉంది. కిటికీల గదిలో లవీనియాది.

ఇద్దరూ ముప్పై నిండకుండానే పోయారు.

ప్రూడెన్స్ ఆ మాట అనలేదు. ఇంకో కేకు ముక్క తీసుకుంది.

మగవాళ్ల బూట్లు ఏ గోడలోనూ లేవా...

హెస్టర్ అడగలేదు. భయమేసింది, అంతే.

మర్నాడు ఆంబ్రోస్ సంతకి వెళ్లాడు. కొత్త గదిలో, పొయ్యి పైన, గోడ ఒక్కచోట మరీ పచ్చిగా ఉంది. చెంచాతో గీకింది. ఇటుక కదిలింది.

వెనక ఆమె చెప్పు.

కాపలా పెట్టాడా? చెడుకి తనని ఎర వేశాడా?

అతన్ని నమ్మాలనే ఉంది. ఎంత నచ్చజెప్పుకున్నా మనసు ఒప్పుకోలేదు.

చెప్పు తీసుకుంది. ఆ చోట ఆంబ్రోస్ బూటు పెట్టింది. ఇటుకతో మూసి, పనివాళ్లు వదిలేసిన సున్నం వేళ్లతోనే మెత్తింది.

తెల్లారి, టోస్టుకి వెన్న రాసుకుంటూ అడిగాడు.

"నా బూటొకటి కనబడ్డం లేదు. చూశావా?"

"ఎక్కడికి పోతుంది?" అంది హెస్టర్. "ఇంట్లోనే ఉంటుంది."

వెన్న రాసే చెయ్యి ఆగింది.

ఉత్త కాపలాయే అయితే నవ్వేసేవాడు కదా...

ఆంబ్రోస్ నవ్వలేదు. ఆమె కాళ్లకున్న రెండు చెప్పులూ చూశాడు. తర్వాత వేళ్లు చూశాడు — గోళ్ల సందుల్లో తెల్లగా...

తడి సున్నం వాసన.