చింపని కార్డు

తాతయ్య పోయాక, ఆయన కాగితాలు యూనివర్సిటీ వాళ్లు పట్టుకెళ్లే ముందు నాన్న నాకు ఒక పని చెప్పారు. "రెండు పెట్టెలూ ఒకసారి చూడు సుప్రియా. మనం ఉంచుకోవాల్సినవి ఉంటే తీసి పక్కన పెట్టు."

బడి రిజిస్టర్లకు దుమ్ము దులిపాను. తాతయ్య డైరీలు సంవత్సరాల వారీగా సర్దాను. అడుగున పురికొసతో కట్టిన కట్ట ఒకటి ఉంది. పైన "పోస్టు" అని తాతయ్య చేతిరాత. మా ఊళ్లో పోస్టాఫీసు బడిలోనే ఉండేది. తాతయ్య పగలు మేష్టారు, సాయంత్రం పోస్టుమాస్టారు. ఆ కట్ట మాత్రం నేను విప్పలేదు. నా డైరీ ఎవరైనా తెరుస్తారేమోనని బియ్యం డబ్బా వెనక దాచుకునేదాన్ని, ఒకళ్ల ఉత్తరాలు ఎలా చదువుతాను? కట్టను అలాగే పెట్టెలో పెట్టేశాను. నాన్న సంతకం పెట్టారు. పెట్టెలు జీపులో రాజమండ్రి వెళ్లిపోయాయి.

అది 2000 వేసవి. మరుసటి ఫిబ్రవరిలో యూనివర్సిటీ నుంచి కవరు వచ్చింది. ఏ కాగితానికి ఏ నంబరు వేశారో టైపు చేసిన జాబితా. నాన్న చూడకుండానే నాకిచ్చారు. పదమూడో పేజీలో 412 ఎదురుగా ఇలా ఉంది: "పోస్టుకార్డు. పారాదీప్, 1988. అమ్మిరాజు అనే వ్యక్తి మరణవార్త. చిరునామా పెద్దింట్లమ్మ. పక్కన వేరే చేతిరాతతో మూడు వాక్యాలు."

పెద్దింట్లమ్మ మామ్మ రేవు దగ్గర ఉంటుంది. రోజూ చేపల బుట్టతో మా గుమ్మం ముందుకు వస్తుంది. కొడుకు అమ్మిరాజు ఒరిస్సాలోని పారాదీప్‌లో బోట్ల మీద పనికని వెళ్లి మళ్లీ రాలేదు. తాతయ్య ఉన్నన్నాళ్లూ బుట్ట దించుతూ అడిగేది, "ఉత్తరమేమైనా వచ్చిందా మేష్టారూ?" తాతయ్య చేపల వైపు చూస్తూ "రాలేదే" అనేవారు. అరుగు మీద కూర్చుని ఆ మాట నేను వందసార్లు విని ఉంటాను.

చావు కబురు తెచ్చిన కార్డును మా వైపు ఇంట్లో ఉంచరు. గుమ్మం బయట నిలబడి చదివి, అక్కడే చింపేసి, విన్నవాళ్లు తలకు నీళ్లు పోసుకుంటారు. అప్పుడే కబురు ముట్టినట్టు. తాతయ్య దాన్ని పెట్టెలో పెట్టుకుని మా అందరి మధ్యా పన్నెండేళ్లు తిరిగారు.

నాన్నకు జాబితా చూపించాను. చదివి, మడిచి నాకే ఇచ్చేశారు. తర్వాత, "వచ్చే నెల వాళ్ల మనవరాలికి ఓణీలు. శుభకార్యం పెట్టుకున్న ఇంటికి ఈ కబురేంటి? అయ్యాక చూద్దాం," అన్నారు.

నాకు ఎదురు చెప్పడం రాదు. జాబితా మళ్లీ కవరులో పెట్టేశాను.

మూడో రోజు మామ్మ బుట్ట దించి, కొంగు ముడి విప్పి కొత్త కార్డు తీసింది. "పాపా, తాతగారు లేరు కదా, నువ్వో ముక్క రాసిపెట్టు. ఓణీ మేనమామే తేవాలి. మేనకోడలి ముచ్చటకైనా రావా అని గట్టిగా రాయి. మొహమాటపడకు."

పెన్ను తెచ్చాను. "పారాదీప్" అని చిరునామా రాశాను. ఆ తర్వాత చెయ్యి కదల్లేదు.

"ఏంటి, మాటలు దొరకట్లేదా? మేష్టారైతే నేను చెప్పేలోపే రాసేసేవారు."

"మామ్మా, అక్కణ్నుంచి ఒక కార్డు వచ్చింది. చాలా ఏళ్లయింది."

ఆవిడ నా మొహం చూసింది. ఏం రాశారని అడగలేదు.

"చింపారా?"

"లేదు. రాజమండ్రిలో ఉంది."

"అయితే పద," అంది. బుట్ట మా అరుగు మీదే వదిలేసింది.

యూనివర్సిటీ కాగితాల విభాగంలో సత్యప్రసాద్ గారని ఒకాయన ఉన్నారు. మెల్లగా మాట్లాడే మనిషి. నంబరు చెప్తే అట్టపెట్టె తెచ్చి, పలచని ప్లాస్టిక్ కవరులో ఉన్న కార్డు బల్ల మీద పెట్టారు. మామ్మ లోపలికి రాలేదు.

"గడప లోపల చదవకూడదు పాపా. బయటికి తీసుకురా."

"గది దాటించకూడదమ్మా," అన్నారాయన.

చివరికి నేను గడపకు లోపల, ఆవిడ బయట నిలబడ్డాం. కార్డు చిన్నదే. పెద్దిరాజు అనే తోటి పనివాడు రాశాడు. అమ్మిరాజు బోటు మీంచి పడిపోయాడని, మూడో రోజు ఒడ్డుకు కొట్టుకొచ్చాడని, అక్కడే మట్టి చేశామని. నా గొంతు ఎక్కడా ఆగలేదు. ఎందుకు ఆగలేదో నాకిప్పటికీ తెలీదు.

"అంతేనా?"

పక్కన తాతయ్య రాసుకున్నవి కూడా చదివాను. మూడూ మూడు రకాల సిరాతో ఉన్నాయి. "వెంకటదుర్గ పెళ్లి అయ్యాక చెప్పాలి." "పురుడు అయ్యాక." "పిల్ల అన్నప్రాసన అయ్యాక."

వెంకటదుర్గ మామ్మ కూతురు. ఆ పిల్లకే ఇప్పుడు ఓణీలు.

"ఆ తరవాత?"

"ఇంకేమీ లేదు మామ్మా."

"ఆ పైన మా ఇంట్లో శుభకార్యమేం లేదే. మరి దేనికి ఆగారంట?"

మామ్మ చెయ్యి చాపింది. "ఇలా తే. చింపేస్తాను."

సత్యప్రసాద్ గారు గబగబా వచ్చారు. "అది కుదరదమ్మా. నంబరు పడ్డాక నా చేతుల్లో ఉండదు. కావాలంటే జిరాక్స్ తీసిస్తాను, అది మీ ఇష్టం."

"జిరాక్స్ అంటే?"

"ఇలాంటిదే ఇంకోటి."

"ఇంకోటి ఏం చేసుకోను బాబూ? చచ్చింది ఒక్కడే కదా." తర్వాత అడిగింది, "దీన్ని ఎన్నాళ్లుంచుతారు?"

"ఎప్పటికీ ఉంటుందమ్మా. పాడవకుండా చూస్తాం."

మామ్మ ఆయన్ని జాలిగా చూసింది. "పిల్లలుగలవాడివి. ఇలాంటివి ఇంట్లో పెట్టుకోకూడదు నాయనా. నీకెవరూ చెప్పలేదా?"

ఆయన తల వంచుకుని కార్డు కవరులో పెట్టారు. నాన్న చేత మళ్లీ ఏదైనా సంతకం పెట్టిస్తే వెనక్కిస్తారా అని అడిగాను. ఇవ్వరని ఆయన మొహంలోనే తెలిసింది. పెట్టెలు సర్దిన రోజు నేను ఆ కట్ట విప్పి ఉంటే ఇదంతా మా వాకిట్లోనే అయిపోయేది.

బయట మొక్కలకు నీళ్లు పోసే కుళాయి ఉంది. మామ్మ దాని కింద కూర్చుని తల వంచి, తిప్పమంది. తిప్పాను. ఏడుస్తుందనుకున్నాను. నీళ్ల చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. ఆవిడ లేచాక నేనూ కూర్చున్నాను. "నీకెందుకు పాపా, కాలేజీ పిల్లవి, జలుబు చేస్తుంది," అంది గాని ఆపలేదు.

తడి బట్టలతోనే బస్సెక్కాం. సగం సీట్లు ఖాళీ. మామ్మ ఎవరికీ తగలకుండా డ్రైవరు వెనక కడ్డీ పట్టుకుని నిలబడింది. ఆవిడ పక్కన నేను.

"సీట్లుండగా నిలబడ్డారేంటి మామ్మా?" అన్నాడు కండక్టరు.

"మైల బాబూ."

అతను ఒక అడుగు వెనక్కి వేశాడు. "అయ్యో. ఎవరు?"

"మా అబ్బాయి."

"ఎప్పుడు పోయాడు?"

"ఇవాళే," అంది మామ్మ.

అతను టిక్కెట్లు కొట్టి, మా చేతులు తగలకుండా పైనుంచి వదిలాడు. ఒకటి కింద పడింది. నేను వంగి తీసుకున్నాను. బస్సు గోదావరి బ్రిడ్జి దాటి కొవ్వూరు వైపు దిగింది. అక్కణ్నుంచి ఇంకా గంటన్నర. మా ఇద్దరి బట్టల్లోంచి కారిన నీళ్లు బస్సు వంపు తిరిగినప్పుడల్లా సీట్ల కిందకు పోతుంటే, కూర్చున్నవాళ్లు కాళ్లు పైకి పెట్టుకున్నారు.