తలుపు ఎటువైపు

మధులిక మోటర్‌హోమ్‌ని ముక్కుసూటిగా లోపలికి పోనివ్వబోతుంటే ఆపమన్నాను.

"వెనక్కి తిప్పి రివర్స్‌లో పెట్టు. బండి వెనక భాగం ఆ తెల్ల గూటం దగ్గరికి రావాలి. రూలు అదేగా."

మా అమ్మాయి స్టీరింగ్ మీద చేతులు అలాగే ఉంచి నావైపు చూసింది.

"ఆర్ యూ ష్యూర్, అమ్మా? అలా పెడితే మన డోర్ హెడ్జ్ వైపు వస్తుంది. కమలా ఆంటీకి మన బ్యాక్ సైడే కనిపిస్తుంది."

"కనిపించనీ" అన్నాను.

అది ఇంకేమీ అడగలేదు. ఇక్కడే ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగిన పిల్ల, రూలు అంటే మారుమాట్లాడదు. అద్దంలో చూసుకుంటూ బండిని మెల్లగా వెనక్కి నడిపింది. నేను కిందికి దిగి గూటం పక్కన నిలబడి చేయి ఊపుతూ ఉన్నాను. ఈ పని నాకు కొత్త కాదు. మా వారు కారుకి తగిలించిన క్యారవాన్ వెనక్కి నడిపినన్నాళ్ళూ నేనే ఇలా నిలబడేదాన్ని. "నీ మొహం నాకు అద్దంలో కనపడాలోయ్, కనపడకపోతే ఆగిపోతాను" అనేవారు. కాస్త పక్కకి జరిగితే చాలు, నిజంగానే ఆపేసి హారన్ కొట్టేవారు.

న్యూకాసిల్‌కి ఉత్తరాన సముద్రపొడ్డున ఉన్న ఈ క్యాంప్‌సైట్‌కి మేము మొదటిసారి వచ్చినప్పుడు మధులిక నా చంకలో ఉంది. ఇక్కడ ఒక్కో బండికీ గడ్డిలో ఒక జాగా ఇస్తారు. దాన్ని పిచ్ అంటారు. ప్రతి పిచ్‌లోనూ ఒక తెల్ల గూటం పాతి ఉంటుంది. అందరూ వెనక్కి నడుపుకుంటూ వచ్చి ఆ గూటం దగ్గర ఆపాలి. అలా ఆపితే ఒక బండికి నిప్పంటుకున్నా పక్కదానికి పాకనంత ఎడం ఉంటుంది. తలుపులన్నీ ఒకేవైపు తెరుచుకుంటాయి. ఎవరి వాకిట్లోకీ ఎవరూ తొంగిచూడరు. మన తలుపు ముందు కుర్చీ వేసుకుంటే ఎదురుగా పక్కవాళ్ళ బండి వీపు ఉంటుంది. ఇది ఇక్కడి మర్యాద. ఇంత దూరం వచ్చి ఒకళ్ళ వీపు ఒకళ్ళు చూసుకోవడం ఏం మర్యాదో ఆ రోజుల్లో మాకు అర్థమయ్యేది కాదు.

మేము అంటే మేమూ, కమలాబాయి వాళ్ళూ. మా వారు పార్థసారథి, కమల భర్త బాపురావు గారు న్యూకాసిల్‌లో ఒకే ఆసుపత్రిలో పనిచేసేవారు. మా వారు ల్యాబ్‌లో, ఆయన అకౌంట్స్‌లో. మాది గుడివాడ దగ్గర, వాళ్ళది కరీంనగర్. ఆసుపత్రి క్యాంటీన్‌లో ఎవరో తెలుగులో తుమ్మితే తిరిగి చూశానని బాపురావు గారు చెప్పేవారు. తెలుగులో తుమ్మడం ఏమిటని అడిగితే, "తుమ్మినంక 'ఓరి నీ బాపు' అని తిట్టిండు గద" అనేవారు. మా వారు జన్మలో ఆ మాట అనలేదు. అయినా ఆ కథ నలభై ఏళ్ళు నడిచింది.

రెండు ఇళ్ళవాళ్ళమూ చెరొక పాత క్యారవాన్ కొనుక్కుని ఏటా వేసవిలో ఇక్కడికే వచ్చేవాళ్ళం. పొదల కంచె, అదే హెడ్జ్, దాని పక్కన చివరి రెండు పిచ్‌లు మావి. బాపురావు గారు రూలు ప్రకారం పెట్టేవారు. మా వారు కావాలని ముక్కు లోపలికి పెట్టేవారు. దాంతో రెండు తలుపులూ ఎదురెదురుగా వచ్చేవి. మధ్యలో చాప పరిచేవాళ్ళం. ఈ గుమ్మంలో నేను పెసరట్టు వేస్తుంటే ఆ గుమ్మంలో కమల సర్వపిండి కాల్చేది. పిల్లలు ఏ బండిలో నిద్రపోతే ఆ బండిలోనే పడుకునేవాళ్ళు. వాన వస్తే ఎవరి గుమ్మంలో వాళ్ళం కూర్చుని, చప్పుడులో వినపడక అరుచుకుంటూ మాట్లాడుకునేవాళ్ళం.

ఈ స్థలాన్ని చూసుకునే అప్పటి వార్డెన్ పొడవాటి మనిషి. రెయిన్‌కోటు వేసుకుని ఏటా వచ్చి ఇది పద్ధతి కాదనేది. మా వారు కమలని చూపించి, "మేడమ్, ఆవిడ బాగా వండుతుంది, మా ఆవిడకి అంత రాదు. తలుపు అటు తిప్పితే నేను పస్తే" అనేవారు. ఆవిడ నావైపు జాలిగా చూసి, ఈ ఒక్క ఏడాదికే అని చెప్పి, ఒక గారె తీసుకుని వెళ్ళిపోయేది. ప్రతి ఏడాదీ ఆ ఒక్క ఏడాదే.

నేను మూడో తరగతిలో బడి మానేసినదాన్ని. తెలుగు చదవడం వారపత్రికలు కూడబలుక్కుని నేర్చుకున్నాను. ఇంగ్లీషు ఇక్కడి నోటీసు బోర్డు నేర్పింది. కుళాయి దగ్గర నీళ్ళకి నిలబడినప్పుడల్లా ఒక్కో లైను చదివేదాన్ని. అందుకే ఈ రూల్స్ నాకు కంఠతా వచ్చు. వచ్చినా ఏనాడూ పాటించలేదు. ఇవాళ పాటించాలనుకున్నాను.

ఎందుకో మధులికకి చెప్పలేదు. మా వారు పోయి ఏడాది దాటింది. నేను న్యూకాసిల్ వదిలి లండన్ పక్కనున్న వాట్‌ఫర్డ్‌లో మధులిక దగ్గర ఉంటున్నాను. బాపురావు గారికి గుండెలో కవాటం మార్చాలన్నారు. రేపు పొద్దున్న ఆసుపత్రిలో చేరాలి. చేరేముందు ఒక్క రాత్రి సముద్రం దగ్గర పడుకుంటానని ఆయన పట్టుబట్టారట. "నువ్వు కూడ రావాలె" అని కమల ఫోన్ చేసింది. రానని ఎలా అంటాను? వచ్చాను. కానీ తలుపులు ఎదురెదురుగా ఉంటే, రేపు ఆయన ఆసుపత్రికి బయలుదేరుతూ గుమ్మం దిగగానే ఎదురుగా కనిపించేది నేను. భర్త పోయినదాన్ని. అలాంటి ఆడది ఎదురైతే వెళ్ళిన పని కాదని మా ఊళ్ళో ప్రయాణాలు ఆపుకునేవాళ్ళు. మా పిన్ని ఎవరి ప్రయాణమైనా ఉంటే ముందే పెరట్లోకి వెళ్ళి కూర్చునేది. ఇవన్నీ వట్టి మూఢనమ్మకాలని రాసిన పుస్తకాలు నేనూ చదివాను. చదివిన బుద్ధి ఒకటి, భయపడే బుద్ధి ఇంకొకటి. రెండోది నాకు ముందు పుట్టింది.

మధ్యాహ్నానికి వాళ్ళు వచ్చారు. వాళ్ళ అబ్బాయి నిశాంత్ క్యారవాన్‌ని రూలు ప్రకారం పెట్టాడు. తలుపు తెరిచి కమల మెట్టు మీద నిలబడింది. ఎదురుగా మా బండి వీపు. నేను చుట్టూ తిరిగి వెళ్ళాను.

"ఏందే ఇది? ఇట్ల పెట్టిన్రేంది?" అంది కమల. పలకరింపు లేదు.

"రూలు కదా కమలా. ఇప్పుడు గట్టిగా పాటిస్తున్నారట."

"రూలా?" కమల నిశాంత్ వైపు తిరిగింది. "విన్నవా బేటా? నలభై ఏండ్లల్ల లేని రూలు మీ నాగేశ్వరి ఆంటీకి ఇయ్యాల యాదికొచ్చింది. వాట్‌ఫర్డ్ పోయినంక మర్యాదలు నేర్చింది."

"అది కాదే..."

"నీ బండి గోడ చూసుకుంట చాయ్ తాగాల్నా నేను? సరే, తాగుత."

బాపురావు గారు లోపలినుంచి తొంగిచూశారు. బాగా చిక్కిపోయారు. "గోడ మంచిగనే ఉన్నది కమలా, తెల్లగ. సినిమా వేసుకోవచ్చు. వదినె, మంచిగున్నవా?"

బాగున్నానన్నాను. ఆయన మొహం నిండుగా చూడలేకపోయాను. పని ఉన్నట్టు వెనక్కి వచ్చేశాను.

సాయంత్రం నా కుర్చీ హెడ్జ్ ముందు వేసుకుని కూర్చున్నాను. ముందర ఆకులు తప్ప ఏమీ లేవు. అటువైపు నిశాంత్, మధులిక, బాపురావు గారు నవ్వుకోవడం వినిపిస్తోంది. చిన్నప్పుడు క్యారవాన్ కింద దాక్కుని ఎవరు నిద్రపోయారో అని ఏదో పాత గొడవ. అది మధులికా కాదు, నిశాంతూ కాదు, మా వారని నాకు తెలుసు. చెప్పడానికి అక్కడ లేను. కమల గొంతు మాత్రం వినపడలేదు.

కాసేపటికి కమలే వచ్చింది. బండి చుట్టూ తిరిగి, కుర్చీ లేకపోతే మా మెట్టు మీద కూర్చుంది.

"నిజం చెప్పు. నామీద కోపమా?"

"నీమీద కోపం ఎందుకే?"

"మరి ఏంది? ఏడాది దాటింది మొఖం చూసి. వచ్చి వీపు చూపెడ్తున్నవు. రేపు ఆయనను కోస్తరు నాగేశ్వరి. మళ్ళ కూసుంటమో లేదో ముగ్గురం."

అప్పుడు చెప్పాను. పొద్దున్న ఆయన గుమ్మం దిగగానే నా మొహం కనపడకూడదనే ఇలా పెట్టించానని. చెబుతుంటే నాకే చిన్నతనంగా అనిపించింది.

కమల మెట్టు మీద కాస్త ముందుకు జరిగింది.

"సారథన్న ఆసుపత్రికి పోయిన్నాడు మీ ఫ్లాట్ కాడికి ఎవరొచ్చిన్రు?" అంది.

"నువ్వే."

"ఎందుకొచ్చిన?"

"నేనే రమ్మన్నాను. ఎదురు రమ్మని."

"ఆఁ. పట్టుచీర కట్టుకున్న ఆ చలిల. గింత బొట్టు పెట్టుకున్న. నీళ్ళ చెంబు చేతుల పట్టుకుని మెట్లకాడ ఎదురొచ్చిన. ఆయన నన్ను చూసి నవ్విండు, పేరంటానికి పోతున్నవా అన్నడు. ఏమైంది మరి?"

నేను హెడ్జ్‌లోంచి ఒక ఆకు తుంచాను.

"నా ఎదురు మంచిదైతే ఆయన ఇయ్యాల గీడ కూసుండి నన్ను ఎక్కిరించాలె. ఏడాది సంది నేను ఎవరి పయనానికీ పోలేదు. మా నిశాంత్ దేశం దాటి పోతున్నా వంటింట్లనే ఉన్న. ఎవరికి చెప్తరే ఇసువంటివి? పిచ్చి లేసిందనుకుంటరు."

తనకీ అలాంటి భయం ఉందని నాకు ఒక్కనాడూ తట్టలేదు. నిండు బొట్టుతో ఉన్నదానికి ఏం భయం అనుకున్నాను.

"నువ్వు వీపు పెట్టి, నేను లోపట దాక్కుంటే, ఆయనకు ఎదురెవరొస్తరు?" అంది కమల. "గా వార్డెన్ సైకిలేసుకుని వస్తది. రేపు నువ్వే ఎదురు రావాలె. నేను అడుగుతున్న."

"ఏమన్నా అయితే?"

"అయితే ఇద్దరం ఒక్క తీరు అయితం. అప్పుడు నీ అసువంటి మనిషి నాకు కావాలె గద."

అంత మాట ఎలా అనగలిగిందో. నాకు ఏడుపు వచ్చింది. కమల లేచి, "మధులికా, తాళం తీసుకుని రా బిడ్డా" అని కేకేసింది.

మధులిక బండిని రోడ్డు మీదికి తీసి ముక్కు లోపలికి తిప్పుతుంటే ఇప్పటి వార్డెన్ వచ్చింది. చిన్న వయసు అమ్మాయి. మధులిక కిందికి దిగి తన ఇంగ్లీషులో ఏదో చెప్పింది. ఆ అమ్మాయి మా ముసలివాళ్ళ ముగ్గురినీ చూసింది. రెండు బండ్ల మధ్య ఎడం అడుగులు వేసి కొలిచింది. పక్కవాళ్ళ తలుపు తమవైపు ఉందని రోజూ ఫిర్యాదులు వస్తాయట. తలుపు పక్కవాళ్ళ వైపు పెట్టుకుంటామని అడిగినవాళ్ళని మాత్రం ఇప్పటిదాకా చూడలేదట. మధ్యలో పందిరి గుడ్డ కట్టకూడదనీ, దారి ఖాళీగా ఉంచాలనీ చెప్పి ఒప్పుకుంది.

"గారె లేదు గదనే పాపం" అన్నారు బాపురావు గారు ఆ అమ్మాయి వెళ్ళాక.

పొద్దున్న నేను ముందే లేచి స్నానం చేసి, తలుపు దగ్గర కూర్చున్నాను. తలుపు తెరవలేదు. నాకు విడిపోవడాలు చేతకావు. గుడివాడ స్టేషన్‌లో రైలు కదిలినప్పుడు మా అమ్మ నాలుగడుగులు పరుగెత్తి ఆగిపోయింది. అదే ఆవిడని ఆఖరిసారి చూడటం. మా వారిని ఎక్కించుకున్న బండి ట్రాఫిక్‌లో కలిసిపోవడానికి నేను కిటికీ దగ్గరికి వచ్చినంతసేపు కూడా పట్టలేదు. గుమ్మం దిగొద్దు, పడుకున్నట్టు ఉండిపో అని లోపల ఒకటే పోరు. మధులిక పక్కమీద నుంచి నన్ను చూస్తోంది.

"ఇగ రా" అని కమల గొంతు వినిపించింది.

తలుపు తీసి, గడియ పట్టుకుని మెట్టు దిగాను. ఎదురుగా క్యారవాన్ గుమ్మంలో బాపురావు గారు, ఉన్ని టోపీ పెట్టుకుని. నిశాంత్ చెయ్యి అందించబోతే వద్దన్నారు. ఆయన దిగారు. నేను నడిచాను. గడ్డి మధ్యలో ఇద్దరం ఎదురుపడ్డాం.

"వదినె, తొవ్వల నిలబడ్డవు. జర జరిగితే పోతం" అన్నారు.

"జరగను. ఎదురు రమ్మన్నారుగా, సరిగ్గా చూసుకోండి."

ఆయన నిజంగానే చూశారు. నేనూ చూశాను. కింది పెదవి కొంచెం నీలంగా ఉంది. గడ్డం ఒకచోట సరిగ్గా గీసుకోలేదు.

"చూసిన. ఇగ చాలు" అన్నారు మెల్లగా. వెళ్ళి కారు ముందు సీట్లో కూర్చున్నారు.

క్యాంప్‌సైట్‌లో ఏ బండీ మనిషి నడకని మించి పోకూడదు. అది కూడా రూలే. నిశాంత్ రూలు తప్పని మనిషి. కారు నాతో సమానంగా కదిలింది. నేను కిటికీ అంచు మీద చెయ్యి వేసి పక్కనే నడిచాను. మధ్యలో బాపురావు గారు తమ బండిలో చాయ్‌పత్తి డబ్బా ఎక్కడుందో చెప్పారు. ఎక్కువ మరిగించొద్దన్నారు. నలభై ఏళ్ళుగా నేను టీ మరిగించి చెడగొడతానని ఆయన ఫిర్యాదు. వెనక సీట్లోంచి కమల, షాల్ పెట్టిననా లేదా అని అడిగింది. ఒళ్ళో ఉందని చెప్పాను. నీళ్ళ కుళాయి దాటాం, బట్టలు ఉతికే గది దాటాం. ఒకాయన కుక్కని పట్టుకుని మాకు దారి ఇచ్చి గుడ్ మార్నింగ్ చెప్పాడు. నా జన్మలో నన్ను వదిలి వెళ్ళిన ఏ బండీ ఇంతసేపు నాతో నడవలేదు.

గేటు దగ్గర కారు ఆగింది. కమల కిటికీలోంచి నా చెయ్యి గట్టిగా పట్టుకుని వదిలింది. గేటు లేచింది. బయటి రోడ్డు మీద రూలేమీ లేదు. అయినా నిశాంత్ కొంతదూరం అదే నడకతో పోనిచ్చాడు. మలుపు దగ్గర ముందు కిటికీలోంచి బాపురావు గారి చెయ్యి బయటికి వచ్చింది. చలిగా ఉంది, ఇక లోపలికి పొమ్మన్నట్టు ఊపింది.

నేను పోలేదు.